తెరకెక్కని తెలుగు పాట

సూరతు నగరమున 1833 లో జన్మించిన నర్మదాశంకర లాల్‌శంకర దవే, నర్మద కవి యను పేరిట గుజరాతీ సాహిత్యమునకు నూతన యుగమును తెచ్చిన మహనీయుడు. ఆయన పెక్కు సంవత్సరములు శ్రమించి కూర్చిన గుజరాతీ నిఘంటువు 'నర్మకోశము' 1873 లో వెలువడెను. ఆ గ్రంథమునకు ముందుమాటగా ఆయన యొక గీతమును వ్రాసి చేర్చెను. నిఘంటువును తెరచువాడు తనకు కావలసిన పదమును వెదకికొని మూసివేయును గాని పీఠికను చదువుట అరుదు. అయినను ఆ పీఠికలోని 'జయ జయ గరవీ గుజరాత్' పుస్తకమును వీడి బడిపిల్లల నోటి కెక్కెను, సభలలో నిలిచెను, నేడు గుజరాతు రాష్ట్రగీతముగా మన్నన లందుచున్నది.

ఇట్టి కథయే మరియొకటి తెలుగునాట జరిగినది. తిరుపతి వాస్తవ్యుడైన శంకరంబాడి సుందరాచారి 1942 లో చిత్తూరు నాగయ్య నటించిన 'దీనబంధు' చిత్రము కొరకు ఒక పాట వ్రాసెను. ఆ చిత్రమున దానికి చోటు దొరకలేదు. తెర మీది కెక్కని ఆ పాట టంగుటూరి సూర్యకుమారి కంఠమున గ్రామఫోను ప్లేటుగా వెలువడి ఇంటింట మ్రోగెను. అదియే 'మా తెలుగు తల్లికి'. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతముగా అది వెలసిన సంగతి తెలుగువారందరు ఎరిగినదే.

మూడవ కథ నిన్నమొన్నటిది. బడిచదువు లేక, పసులకాపరిగాను తాపీ పనివాడుగాను బ్రతికిన అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' ప్రత్యేక రాష్ట్రోద్యమ కాలమున సభలలోను పాఠశాలలలోను ఏండ్ల తరబడి ప్రజలు పాడుకొనిన పిమ్మట, 2024 జూన్ 2 న తెలంగాణ రాష్ట్రగీతమయ్యెను. ప్రభుత్వము దానిని గుర్తించుటకు చాల ముందే జనులు దానిని గుర్తించిరి.

సూరతులో నివసించు తెలుగు కుటుంబమునకు ఈ మూడు రాష్ట్రములతోను సంబంధము కలదు. ఒకటి అన్నము పెట్టుచున్న నేల. తక్కిన రెండును పుట్టిన నేల. ఈ మూడు నేలలు తమ గీతముగా స్వీకరించిన పాటలలో ఒక్కటియు చలనచిత్రమునుండి వచ్చినది కాకపోవుట గమనింపదగిన విషయము. పాట యనగా సినిమా పాట యేయని తలచు ఈ కాలమున, సినిమాతో నిమిత్తము లేక పుట్టి, తన శ్రోతలను తానే వెదకికొనిన పాట చరిత్రను ఒక్కమారు నెమరువేసికొనుట ఉచితము. తెలుగున దీనికి భావగీతమనియు, లలితగీతమనియు, గ్రామఫోను దినములలో ప్రైవేటు పాట యనియు పేళ్ళు. పేరేదైనను దాని స్థితి ఒక్కటే: కథానాయకుని బలము లేదు, కథ బలము లేదు, గోడమీది ప్రకటన లేదు. తన పల్లవియే తనకు దిక్కు.

యంత్రములు రాకపూర్వము పాటలన్నియు ఇట్టివే. క్షేత్రయ్య పదములు నర్తకీమణుల అభినయమును ఆశ్రయించి నిలిచెను. రామదాసు కీర్తనలు భజన గోష్ఠులలో చిడతల మ్రోతతో ఊరూర ప్రాకెను. త్యాగరాజస్వామి కృతులు ఉమయాల్పురము, తిల్లస్థానము, వాలాజాపేట శిష్యపరంపరల ద్వారా దేశమునకు అందెను. ఆనాడు పాటను వినుటకును నేర్చుటకును నడుమ పెద్ద దూరము లేదు. నచ్చిన పాటను మరల వినవలెనన్నచో తానే పాడుకొనవలెను. లేదా పాడగలవానిని ఇంటికి పిలువవలెను. కావున నచ్చిన ప్రతి పాటయు ఒక క్రొత్త గాయకుని తయారుచేసెడిది.

1902 నవంబరులో ఈ స్థితి మారుటకు ఆరంభమయ్యెను. గ్రామఫోను కంపెనీ పంపగా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్ జాన్ మున్నగువారి పాటలను నమోదు చేసెను. గాయని పెద్ద గరాటు వంటి కొమ్ములోనికి గొంతెత్తి పాడగా ఆ ధ్వని సూది నాడించి మైనపు పలకపై గీతలుగా పడెడిది. పాట ముగియగనే గౌహర్ జాన్ తన పేరును ఇంగ్లీషున చెప్పెడిది. నమోదు చేసికొని పోవువారికి ఎవరి పాట ఎవరిదో తెలియుటకు ఆ గుర్తు అక్కరకు వచ్చెడిది. 1908 నాటికి కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారము వెలసెను. ఆ ప్లేట్లకు ముఖ్యమైన పదార్థము మన అడవులలోని చెట్లపై పురుగులు పెట్టు లక్కయే. ఆ నల్లని పలక నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల పలకలో ఒక వైపున పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే.

ఈ మూడు నిమిషముల కట్టుబాటు చిన్న విషయము కాదు. కచేరీలో రాగమును అరగంట ఆలాపించు విద్వాంసుడు ఇచట మూడు నిమిషములలో తన సర్వస్వమును చెప్పవలెను. వెడల్పు లేనిచోట లోతు త్రవ్వవలెను. ఒక్క పల్లవి, రెండు మూడు చరణములు, నడుమ చిన్న వాద్యఖండము: లలితగీతమునకు నేడు కనబడు ఆకారము చాలవరకు ఆ లక్క పలక పరిమాణమున పోతపోసినదే. ఇరుకైన పాత్రలో పెరిగిన మొక్కవలె ఆ పాట పొట్టిదియు గట్టిదియు నయ్యెను.

అయితే పోత పోయుటకు ముందు లోహము కావలెను గదా. ఆ లోహమును అందించినవారు భావకవులు. నండూరి వేంకట సుబ్బారావు మదరాసులో చదువుకొను దినములలో ఆరంభించిన ఎంకి పాటలు 1925 లో పుస్తకరూపమున వెలువడెను. పల్లె పడుచు ఎంకి, ఆమె నాయుడుబావ, వారి మాటలాట, అలకలు: ఇవియే ఆ పాటల వస్తువు. పండితులు కొందరు ఆ భాషను చూచి కనుబొమలు ముడిచిరి. తక్కినవారు ఆ పాటలను వల్లించిరి. సుబ్బారావు గారు స్వయముగా శ్రావ్యముగ పాడగలవారు గావున, వాదించువారికి సమాధానముగా పాడియే వినిపించెడివారు. పుస్తకమును చదివినవారికంటె పాటను విన్నవారు ఎక్కువై, ఎంకి తెలుగువారి ఇంటి ఆడపడుచు అయ్యెను. ఉత్తరోత్తరా మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నము విజయవాడ రేడియోలో పాడిన ఎంకి పాటలు మరియొక తరమునకు ఆమెను పరిచయము చేసెను.

గ్రామఫోను ప్లేట్లపై తెలుగు లలితగీతమునకు రూపరేఖలు దిద్దినవారిలో సాలూరి రాజేశ్వరరావు అగ్రగణ్యుడు. బాల్యముననే పాటకుడుగా పేరుగాంచిన ఆయన కలకత్తాలో కొంతకాలముండి పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి పాటను దగ్గరగా వినెను. వంగదేశపు మృదుత్వము, ఆంధ్రదేశపు జానపదపు తీపి ఆయన బాణీలలో కలిసిమెలిసి యుండుటకు కారణమదియే. ఆరేండ్ల ప్రాయముననే రికార్డు కిచ్చిన రావు బాలసరస్వతీదేవి కంఠము ఆయన కంఠముతో జోడుకూడగా వెలువడిన యుగళగీతములు ఆనాటి ఇండ్లలో కీ యిచ్చు గ్రామఫోనులపై అరిగిపోవువరకు తిరిగెను. అవి ఏ చిత్రములోనివియు కావు. రాధాకృష్ణుల అలకలే వాని వస్తువైనను, వినువారికి అవి తమ ఇంటి దంపతుల మాటలవలె తోచెడివి.

టంగుటూరి సూర్యకుమారి ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి తమ్ముని కుమార్తె. చిత్రములలో నటించినను ఆమెకు శాశ్వతకీర్తి తెచ్చినది దేశభక్తి గీతములు. ఒక సినిమాకు పనికిరాలేదని ప్రక్కకు పోయిన పాటను ఆమె ప్లేటుపై పాడకపోయినచో, సుందరాచారి గీతము ఏ పెట్టెలోనో కాగితముగ మిగిలిపోయి యుండెడిది. చిత్రమున నున్న పాట చిత్రము కథతో ముడివడును. ఆ కథ మరుగున పడినప్పుడు పాటయు మరుగు పడవచ్చును. కథ లేని ఈ పాటకు ముడివేసికొనుటకు ఒక్క జాతి మాత్రమే దొరకెను. తిరస్కారమే దాని అదృష్ట మయ్యెను. సూర్యకుమారి తరువాతి కాలమున లండను నగరమున స్థిరపడి భారతీయ సంగీత నృత్యములకు సేవచేయుచు 2005 లో పరమపదించెను. సముద్రము దాటిన తెలుగువారు ఏ సభ ఆరంభించినను మొదట పాడుకొనునది ఆమె నోట వెలసిన పాటయే.

ప్లేటు కొనుటకు సొమ్ము కావలెను. సొమ్ము లేనివారికి పాటను చేర్చినది రేడియో. 1938 జూన్ 16 న మదరాసు కేంద్రము, 1948 డిసెంబరు 1 న విజయవాడ కేంద్రము ప్రసారములు ప్రారంభించెను. హైదరాబాదులో నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో 1950 లో ఆలిండియా రేడియోలో చేరెను. ఈ కేంద్రములలో పనిచేసిన కవులు, గాయకులు, స్వరకర్తలు తెలుగు లలితసంగీతమునకు నిజమైన పోషకులు.

ఇచట కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములు సగర్వముగా తలచుకొనదగిన విషయమొకటి కలదు. ఆ స్వరకర్తలు జమీందారుల ఆస్థానములలోని వారు కారు, చిత్రనిర్మాతల జీతగాండ్రును కారు. వారు కేంద్ర ప్రభుత్వపు కొలువులో నున్నవారు. హాజరు పట్టీలో సంతకము చేసి, కాగితములు కదిపి, బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడు పెట్టెబేడ సర్దుకొని కదలిన ఉద్యోగులు. బాలాంత్రపు రజనీకాంతరావు 1941 లో మదరాసు కేంద్రమున ప్రవేశించెను. 1947 ఆగస్టు 15 స్వాతంత్ర్యోదయ వేళ మదరాసు కేంద్రమునుండి తెలుగువారు విన్న స్వాగతగీతములు ఆయన వ్రాసి బాణీ కట్టినవి, పాడినది సూర్యకుమారి. 'భక్తిరంజని' ప్రసారముతో తెలుగు ఇండ్ల ఉదయములకు ఆయన ఒక స్వరమును కల్పించెను. కేంద్ర సంచాలకుని బాధ్యతల నడుమ గీతములు కట్టుట మానలేదు, గ్రంథరచన మానలేదు. ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 2018 లో, తొంబది యెనిమిదవ ఏట, ఆయన కన్నుమూసెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియో కొరకు అసంఖ్యాకముగ గీతములను వ్రాసెను. పాలగుమ్మి విశ్వనాథము, మంచాల జగన్నాథరావు, మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు బాణీలు కూర్చిరి.

రేడియోలో ఈ గీతములకు చోటు దొరకుటకు ఒక వివాదము కూడ కారణము. 1952 లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ సినిమా పాట అభిరుచిని చెరచుచున్నదని తలచెను. చిత్రనిర్మాతలతో పొరపొచ్చములు వచ్చి రేడియోలో సినిమా పాటలు చాలవరకు మూగపోయెను. శ్రోతలు ముల్లును త్రిప్పి సిలోను కేంద్రమును పట్టిరి. అచట అమీన్ సయానీ కంఠమున బినాకా గీతమాల ఆ యేడే మొదలయ్యెను. తుదకు 1957 అక్టోబరు 3 న వివిధభారతి వెలసి సినిమా పాట మరల సర్కారు రేడియో గడప దాటి లోపలికి వచ్చెను. మంత్రిగారి ఉద్దేశము నెరవేరలేదని కొందరందురు. సినిమా పాటను ఆపగలుగుట ఎవరి తరమును కాదు, అది నిజము. కాని ఆ విరామమున రేడియో కేంద్రములలో ఏర్పడిన లలితసంగీత విభాగములు తెలుగునను, గుజరాతీలోను, వంగభాషలోను వందలకొలది క్రొత్త గీతములను పుట్టించెను. నిషేధము నశించెను; దాని నీడన మొలచిన మొక్క నిలిచెను.

ఆ గీతములు జనుల నోటి కెక్కిన విధానము నేటివారికి వింతగా తోచును. రేడియో కేంద్రము ఒక క్రొత్త గీతమును 'ఈ మాసపు పాట' యని ప్రకటించి నెల పొడవున దానినే వినిపించెడిది. మొదటి దినమున శ్రోత పల్లవిని మాత్రము పట్టుకొనును. మరునాడు పెన్సిలు, నోటుబుక్కు సిద్ధము చేసికొని మొదటి చరణమును వ్రాసికొనును. ఒక మాట జారిపోవును. దానికై మరల వేచియుండవలెను. పొరుగింటి పిల్లను అడిగినచో ఆమె వేరొక మాట చెప్పును; ఇద్దరిలో ఎవరు సరియో మరుసటి ప్రసారము తీర్పు చెప్పును. నెల ముగియునప్పటికి పాట కంఠస్థమగును. హైదరాబాదు కేంద్రమునుండి చిత్తరంజన్ 'కలసి పాడుదాం' అను కార్యక్రమమున పాటలను పంక్తి పంక్తిగా నేర్పుచుండగా, ఆయన ముఖమునైనను ఎరుగని పిల్లలు రేడియో పెట్టె ముందు కూర్చుండి ఆయనకు శిష్యులైరి. 2023 లో ఆయన మరణవార్త విని, తమ గురువు పోయెనని తలచినవారిలో ఆయనను ఎన్నడును చూడనివారే ఎక్కువ.

పాట మనసున నిలిచిపోవుటకు కారణములేవి? ఈ ప్రశ్నకు పై చరిత్రలోనే కొంత సమాధానము కలదు. మొదటిది నిరీక్షణ. కోరినప్పుడెల్ల దొరకని దానికొరకు చెవి మేలుకొని యుండును. రెండవది పల్లవి మరలివచ్చుట. చరణము ఎంత దూరము పోయినను పల్లవి ఇంటికి చేర్చును. అయినను ప్రతిసారియు ఒక చిన్న సంగతి మారును. తెలిసినదానిలో తెలియనిది మెరయునట్టి ఆ క్షణముననే శ్రోత పాటకు లోబడును. మూడవది మాట. నోటికి అలవాటైన మాట రాగము మీద కూర్చుండినప్పుడు, ఇదివరలో తానే అనుకొనిన మాట యేమో యనిపించును.

నాలుగవది, అన్నిటికంటె బలమైనది, పాట తాకిన సందర్భము. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యములను ఘంటసాల వేంకటేశ్వరరావు పాడిన 'పుష్పవిలాపము' ఇందుకు నిదర్శనము. పూజకై పూలు కోయబోయిన మనుష్యునితో పూలు తమ మొరను చెప్పుకొనుట అందలి వస్తువు. పద్యమునకును పద్యమునకును నడుమ ఘంటసాల రాగమును విడిచి సామాన్య వచనమున మాటలాడును. ఆ కంఠము పాట నుండి మాటలోనికి దిగునప్పుడు వినువాని చేయి పూలచెట్టు మీదనే యున్నట్లు తోచును. ఆ ప్లేటు విన్న మరునాటి ఉదయమున సజ్జ పట్టుకొని పెరటిలోనికి పోయి ఒక్క క్షణము తటపటాయించని ఇల్లాలు తెలుగునాట అరుదు. పాట ముగిసిన పిదప చేతిని ఆపగలిగినది జ్ఞాపకమున నిలువక ఏమగును?

పాలగుమ్మి విశ్వనాథము వ్రాసి స్వరపరచగా వేదవతీ ప్రభాకర్ పాడిన 'అమ్మదొంగ' అను గీతము మరియొక నిదర్శనము. కన్నకూతురి ముద్దుమాటలను చూచి మురియుచునే, ఆమె పరాయి ఇంటికి పోవు దినమును తలచుకొని బెంగపడు మనస్సు ఆ పాటలో కలదు. దానిని తొట్టెలోని బిడ్డకు పాడిన తల్లియే, ఇరువదియేండ్ల తరువాత పెండ్లిపందిరిలో దానిని పాడలేక నోటికి కొంగు అడ్డము పెట్టుకొనును. పాట మారలేదు. వినువారి బ్రతుకు దాని యొద్దకు నడచివచ్చినది. గొప్ప పాట ముందుగానే వచ్చి వేచియుండును.

ఇక సూరతు సంగతి. తాపీనది ఒడ్డున జరీకిని పట్టుకును పేరువడసిన ఈ పురము ఇరువదవ శతాబ్దమున కృత్రిమ పట్టు వస్త్రములకు, మరమగ్గములకు దేశమునకెల్ల కేంద్రమయ్యెను. అదే కాలమున తెలంగాణములో చేతిమగ్గము కూటికి చాలనిదయ్యెను. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలి కుటుంబములు షోలాపురము, భీవండి, సూరతు నగరములకు తరలివచ్చినవి. ఒరిస్సానుండి వచ్చిన కార్మికులతో కలిసి వీరు లింబాయత్, ఉధనా ప్రాంతములలో మగ్గముల ముందు నిలిచిరి. రైల్వే, తపాలా, ఆదాయపు పన్ను మున్నగు శాఖల తెలుగు ఉద్యోగులు బదిలీలపై వచ్చి చేరిరి. ఒకరు కూలికి, ఒకరు కొలువునకు వచ్చినవారైనను ఊరు విడిచిన బెంగ ఇరువురికిని ఒక్కటే.

చేతిమగ్గమునకును పాటకును పొత్తు కలదు. కాలు తొక్కిన తాళమునకు నాడె అటునిటు పోవును; పడుగు విడివడుచుండగా పాట అల్లుకొనును; పోగు తెగినచో మగ్గము ఆగును, పాటయు ఆగును. మరమగ్గమునకు ఆ దయ లేదు. పన్నెండేసి గంటల షిఫ్టులో పదులకొలది మగ్గములు ఒక్క కొట్టములో అదరునప్పుడు ప్రక్కనున్న వాని కేకయే వినబడదు. ఇక పాట యెక్కడ? పాడుచు నేసిన జాతి మూగగా నేయవలసివచ్చెను. ఈ వలసకథలో కూలి లెక్కలు వ్రాసినవారు కలరు గాని, ఈ నష్టమును లెక్క కట్టినవారు లేరు.

పగలు పోయిన పాటను రాత్రి కొంత తిరిగి యిచ్చినది రేడియోయే. మధ్యతరంగ ప్రసారములు సూర్యుడు క్రుంకిన పిదప ఆకాశపు పై పొరలను తాకి మరలి దూరదూరములు ప్రాకును. గరగరల నడుమ లేచుచు మునుగుచు వచ్చు ఒక తెలుగు కంఠము కొరకు ముల్లును వెంట్రుకవాసి కదలించుట ట్రాన్సిస్టరు దినములలో పరదేశమున నున్న తెలుగువానికి తెలిసిన విద్య. పాట సగము వినబడును. తక్కిన సగమును మనస్సు పూరించుకొనును.

సంవత్సరమున ఒకసారి పాట పూర్తిగ మరలివచ్చెడిది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిది దినములు, గుజరాతు నవరాత్రి గర్బాలతో దాదాపుగా కలిసిపోవును. సూరతు వీధిలో ఒక ప్రక్క తంగేడు, గునుగు, బంతి పూల పేర్పుచుట్టు తెలుగు స్త్రీలు చప్పట్లు చరచుచు తిరుగుదురు. మరియొక ప్రక్క చిల్లుల కుండలోని దీపము చుట్టు గుజరాతీ స్త్రీలు చప్పట్లు చరచుచు తిరుగుదురు. రెండింటను నడుమ నున్నది తల్లియే. రెండింటను ఒకతె పంక్తి ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. గర్బాను 2023 డిసెంబరులో యునెస్కో మానవజాతి సంస్కృతీ సంపదల పట్టికలో చేర్చెను. తెలంగాణ ప్రభుత్వము 2014 లో బతుకమ్మను రాష్ట్రపు పండుగగా ప్రకటించెను. ఈ గౌరవములు వచ్చుటకు మునుపే ఈ వీధులలోని స్త్రీలు ఒకరి తాళమును మరియొకరు గుర్తుపట్టిరి.

బతుకమ్మ పాటలో మరియొక విశేషము కలదు. పంక్తి చివరి 'ఉయ్యాలో' మారదు. దాని ముందరి మాటలు ఎప్పటికప్పుడు మారును. పురాణకథ పాడవచ్చును, ఊరి కరవు పాడవచ్చును, అత్తవారింటి ముచ్చట పాడవచ్చును. సూరతునకు వచ్చిన రైలు ప్రయాణమును, మగ్గపు కొట్టమును కూడ ఆ తాళము కాదనదు. ఎవరు కట్టిరో తెలియని క్రొత్త పాటను ఏటేట పుట్టించుకొనుటకు ఇంతకంటె తేలికయైన అచ్చు మరియొకటి లేదు.

గుజరాతీ సోదరులకును ఇట్టి పాట కలదు. వారు దానిని సుగమ సంగీతమందురు. అవినాశ్ వ్యాస్, పురుషోత్తమ ఉపాధ్యాయ వంటి స్వరకర్తలు దానికి ప్రాణము పోసిరి. సూరతులో బట్టలు కుట్టి జీవించిన గనీ దహీవాలా (1908–1987) గుజరాతీ గజలునకు మేటికవి. ఆయన గజలును పురుషోత్తమ ఉపాధ్యాయ బాణీ కట్టగా మహమ్మద్ రఫీ పాడెను. సినిమా పాటకు సామ్రాట్టయిన రఫీ, సినిమాతో సంబంధము లేని ఒక దర్జీ మాటలకు గొంతు నిచ్చుట వలన ఆ గీతము గుజరాతీల గుండెలలో స్థిరపడెను. నేతగాని పొరుగున దర్జీ. తెలుగువాని పొరుగున గుజరాతీ కవి. పాట కొరకు దూరము పోనక్కరలేదని ఈ నగరము చెప్పుచున్నది.

కాలచక్రము తిరిగెను. 78 చుట్ల ప్లేటు పోయెను. 1980 ప్రాంతమునుండి క్యాసెట్టు వచ్చి పాటను చౌక చేసెను. పెద్ద కంపెనీల దయ లేకయే పల్లె గాయకులు తమ పాటలను అమ్ముకొనగలిగిరి. ఎం. ఎస్. రామారావు సుందరకాండము మొదలుకొని జానపదుల పాటల వరకు అన్నియు సంతలలో దొరకెను. ఊరి నుండి వచ్చువాని సంచిలో సూరతునకును చేరెను. నేడు చరవాణిలో యూట్యూబు తెరచినచో తెలంగాణ పల్లెపాటలు, క్రొత్త బతుకమ్మ పాటలు సినిమాతో పొత్తులేకయే లక్షలాది శ్రోతలను చేరుచున్నవి. ఒకనాడు రేడియో సంచాలకుడు ఎంపిక చేసిన పాటయే వినవలసియుండెను. నేడు ఇంట కూర్చుండి పాడిన పాట కూడ లోకమెల్ల తిరుగును. స్వతంత్రగీతమునకు ఇంతటి విశాలమైన త్రోవ ఇదివర కెన్నడును లేదు.

అయినను ఒక చిక్కు కలదు. దొరకనిదానికై వేచియున్న చెవి, దొరకినదానిని వదలలేదు; ఎల్లప్పుడు దొరకుదానిని అది సగములోనే దాటిపోవుచున్నది. పాటలు పెరిగెను, పాట నేర్చువారు తగ్గిరి. సూరతు తెలుగు కుటుంబములకు ఇది కేవలము అభిరుచికి సంబంధించిన విషయము కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. అది మెచ్చదగిన పని. కాని ఆ తరగతులు దాటిన పిల్లవాడు గుజరాతీలోనికో, హిందీలోనికో, ఇంగ్లీషులోనికో పోవును. ఉద్యోగుల పిల్లలకు ఆ కొద్దిపాటి చదువైనను అరుదు. తెలుగు లిపి ముందుగా పోవును. పిదప మాట పోవును. కడపట మిగులునది పాట. తెలుగు చదువరాని మనుమడు అమ్మమ్మ పాడిన పల్లవిని మాత్రము తప్పు లేకుండ పాడుట పరదేశమున ప్రతి తెలుగు ఇంటను కనబడు దృశ్యము. ఆ పల్లవిలో నున్న నాలుగైదు మాటలే వానికి తల్లిభాషలోనికి మిగిలిన వాకిలి. ఆ వాకిలి కూడ మూతపడినచో మరి త్రోవ లేదు.

నర్మదుడు తన భాషలోని మాటలు చెదరిపోకుండ నిఘంటువు కట్టి, దాని గుమ్మమున ఒక పాటను నిలిపెను. నిఘంటువు పండితుల బీరువా చేరెను. గుమ్మముననున్న పాట జనుల వెంట నడచెను. మాటలను కాపాడుటలో పాటకున్న బలము ఇదియే. తెలుగు సంఘములు ఉగాదికిని బతుకమ్మకును కూడినప్పుడు, తెలిసిన సినిమా పాటలతోపాటు, ఏటికొక క్రొత్త లలితగీతమును పెద్దలు పిన్నలు కలసి నేర్చుకొను ఆచారము పెట్టుకొనుట కష్టము కాదు. దానికి వాద్యబృందము అక్కరలేదు, రంగస్థలము అక్కరలేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, నెల దినముల ఓర్పు చాలును. మొదటి వారమున పల్లవి వచ్చును. నెల ముగియునప్పటికి ఆ పాట తాపీతీరమున మరియొక తెలుగు బిడ్డ నోట పలుకును.